వియన్నాలో సాంస్కృతిక జీవితం: తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఐక్యరాజ్యసమితి కార్యాలయాల్లో ఉద్యోగానికో, పరిశోధనకో, చదువుకో వియన్నా వచ్చినవాళ్లకు మొదటి చలికాలం దాటకముందే వచ్చే సందేహాలివి. ఇల్లు, వీసా, బ్యాంకు సంగతులు ఇక్కడ లేవు. ఒపేరా, మ్యూజియంలు, కాఫీహౌస్‌లు, బాల్ నృత్యాలు, పండగల గురించే చెప్పాం. ధరలు ఏటా మారుతుంటాయి కాబట్టి వాటి జోలికి ఎక్కువ పోలేదు. ఎలాగూ ఈ ఊళ్లో డబ్బు కన్నా గడియారమే ఎక్కువ తలుపులు తెరుస్తుంది.

ఒపేరా చూడాలంటే వందల యూరోలు పెట్టాలా?

అక్కర్లేదు. ఇక్కడి ప్రభుత్వ ఒపేరా భవనమైన శ్టాట్స్‌ఓపర్‌లో మంచి సీటు 200 యూరోలు దాటుతుంది, నిజమే. కానీ అదే హాల్లో ష్టేప్లాట్స్ అని నిలబడి చూసే టికెట్లు కొన్ని వందలు ఉంటాయి. వాటి ధర 20 యూరోల లోపే. మన నేల టికెట్ లాంటిదే, కూర్చునే వీలు ఉండదు, అంతే. ప్రదర్శన రోజు ఉదయం 10 గంటలకు ఆన్‌లైన్లోనూ కౌంటర్లోనూ అమ్మకం మొదలవుతుంది. పేరున్న గాయకులు పాడే రోజైతే 10 గంటలకు ముందే లాగిన్ అయి కూర్చోవాలి. మామూలు మంగళవారమైతే మధ్యాహ్నం కూడా దొరుకుతాయి.

నిలబడే చోట్లు మూడు. పార్టెర్ అంటే కింది అంతస్తు. వేదికకు ఎదురుగా, మధ్య బాక్సు కింద ఉంటుంది. హాలు మొత్తంలో బాగా కనిపించే చోట్లలో ఇదొకటి. బాల్కన్, గ్యాలరీ పై అంతస్తుల్లో ఉంటాయి. గ్యాలరీలో శబ్దం అద్భుతంగా వినిపిస్తుంది. కాకపోతే పక్కల నిలబడితే వేదికలో సగం కోసుకుపోతుంది. పైకి వెళ్తే మధ్యలోనే నిలబడండి.

నిలబడే చోటును ఎలా పట్టుకోవాలి?

ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టే. రెయిలింగ్‌కు స్కార్ఫ్ కడితే ఆ చోటు మీది. తర్వాత వెళ్లి మంచినీళ్లు తాగి రావచ్చు, ఎవరూ కదపరు. చలికాలం కోటు, పెద్ద బ్యాగు, ప్లాస్టిక్ సంచీ మాత్రం చోటు కోసం పనికిరావు. వాటిని కిందనే గార్డెరోబ అనే గదిలో ఇచ్చేయాలి. అందుకని పల్చటి స్కార్ఫ్ ఒకటి జేబులో ఉంచుకోండి. తొందరగా వెళ్లి ముందు వరుస పట్టండి. పొట్టివాళ్లు రెండో వరుసలో నిలబడితే ముందువాళ్ల భుజాలే కథానాయకులు.

ఎక్కువమంది చేసే తప్పు ఖాళీ కడుపుతో రావడం. సాయంత్రం 7కి మొదలై రాత్రి 10కి వదిలితే మధ్యలో తినడానికి దొరికేది ఇంటర్వెల్‌లో ఖరీదైన చిన్న శాండ్‌విచ్ ముక్క. మూడు గంటలు వేడిగా ఉన్న హాల్లో నిలబడితే కళ్లు తిరుగుతాయి, ఏటా ఎవరో ఒకరు పడిపోతూనే ఉంటారు. 5:30కే ఇంత పెరుగన్నం తిని బయల్దేరండి. కొత్త చెప్పులు వద్దు. మోకాళ్లు బిగబట్టి నిలబడకుండా బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి మారుస్తుండండి.

ఇంకోటి: ఆలస్యమైతే లోపలికి రానివ్వరు. ఇంటర్వెల్ దాకా బయట తెర మీద చూడాల్సిందే. అంకానికీ అంకానికీ మధ్య విరామం లేని ఒపేరాలకు అయిదు నిమిషాల ఆలస్యం టికెట్ మొత్తాన్ని మింగేస్తుంది.

మొదటిసారి ఏది చూడాలి?

పుచ్చీని రాసిన టోస్కా, లేదా లా బొహేమ్. రెండూ రెండున్నర, మూడు గంటల్లో అయిపోతాయి. కథ సినిమాలా పరిగెడుతుంది. శ్టాట్స్‌ఓపర్‌లో టోస్కా ఇప్పటికీ 1958లో మార్గరెట్ వాల్‌మన్ దర్శకత్వంలో నికోలా బెన్వా రూపొందించిన సెట్లతోనే, 600 సార్లు దాటి నడుస్తోంది. లా బొహేమ్ ఫ్రాంకో జెఫిరెల్లి 1963లో చేసినది. పాత పద్ధతి సెట్లు, అసలైన దుస్తులు, నిజంగా కురిసినట్టు కనిపించే మంచు. ఒపేరా అంటే ఏమిటో ఇంతవరకూ తెలియనివాళ్లకు ఇవే సరిపడతాయి. మోట్సార్ట్ ఒపేరా మాయావేణువు (మ్యాజిక్ ఫ్లూట్) పిల్లలతో వెళ్లేవాళ్లకు బాగుంటుంది.

వాగ్నర్ రాసిన ఒపేరాల జోలికి మొదటి ఏడాది నిలబడే టికెట్‌తో పోవద్దు. గోటర్‌డామరుంగ్ లాంటివి ఇంటర్వెల్‌లతో కలిపి 5 గంటలు దాటతాయి, సాయంత్రం 5కే మొదలుపెడతారు. ఆఫీసు మానేసి కాళ్లనొప్పి కొనుక్కున్నట్టు అవుతుంది.

భాష గురించి భయం అక్కర్లేదు. ప్రతి చోటుకూ ముందు చిన్న తెర ఉంటుంది. అందులో మాటల అనువాదం వస్తుంది, ఇంగ్లీషు ఎంచుకోవచ్చు. అయినా కథ ముందే చదువుకుని వెళ్లండి. మన పద్యనాటకం చూడబోయేవాళ్లు శ్రీకృష్ణరాయబారం కథ తెలిసే వెళ్తారు కదా.

ఎప్పుడు చప్పట్లు కొట్టాలి?

ఒపేరాలో పెద్ద పాట అయ్యాక కొడతారు, పద్యం బాగా పాడితే మనవాళ్లు కొట్టినట్టే. "వన్స్ మోర్" మాత్రం సాధారణంగా ఉండదు. ఆర్కెస్ట్రా కచేరీ వేరు. సింఫనీలో మూడో నాలుగో భాగాలుంటాయి. వాటి మధ్య నిశ్శబ్దం వస్తుంది. అక్కడ చప్పట్లు కొడితే అందరూ తిరిగి చూస్తారు. అన్నీ అయ్యాక నాయకుడు చేతులు పూర్తిగా దించి, ఇటు తిరిగేదాకా ఆగండి.

కర్ణాటక కచేరీకి అలవాటుపడ్డవాళ్లకు కష్టమైంది ఇంకోటి: తొడ మీద తాళం వేయడం, "భేష్" అనడం, పాట మధ్యలో లేచి కాఫీకి వెళ్లి రావడం ఇక్కడ కుదరవు. దగ్గు కూడా భాగాల మధ్యకు వాయిదా వేసుకుంటారు. గరగరలాడే కాగితం చుట్టిన బిళ్ల కన్నా జేబులో ముందే విప్పి పెట్టుకున్న బిళ్ల మేలు.

ఎర్ర కోటు, తెల్ల విగ్గు పెట్టుకుని వీధిలో టికెట్లు అమ్ముతున్నవాళ్ల దగ్గర కొనొచ్చా?

వాళ్లు అమ్మేది పర్యాటకుల కోసం ఏర్పాటుచేసిన కచేరీలకు. మోట్సార్ట్, స్ట్రాస్‌ల ముక్కలు కలిపి వాయిస్తారు. అది మోసమని కాదు, సరదా సాయంత్రం గడవచ్చు. కానీ శ్టాట్స్‌ఓపర్ సొంత ప్రదర్శనకో, వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా చందాదారుల కచేరీకో వెళ్తున్నామని అనుకుని కొంటేనే ఇబ్బంది. హాలు పేరు, వాయించే బృందం పేరు రెండూ అడగండి. హాలు గొప్పదైనంత మాత్రాన బృందం అదే కాదు. ఈ ఊళ్లో ఉండేవాళ్లు హాలు సొంత వెబ్‌సైట్‌లోనే కొంటారు.

న్యూ ఇయర్ కచేరీ టికెట్ దొరుకుతుందా?

లాటరీ తగిలితే. మూజిక్‌ఫెరైన్ బంగారు హాల్లో జరిగే ఈ కచేరీకి వియన్నా ఫిల్హార్మోనిక్ వెబ్‌సైట్‌లో అంతకుముందు ఏడాది ఫిబ్రవరిలో పేరు నమోదు చేసుకోవాలి. అంటే దాదాపు 10 నెలల ముందు. డిసెంబరులో వెతకడం మొదలుపెట్టినవాళ్లకు మిగిలేది మధ్యవర్తుల ధరలే. డిసెంబరు 30న ముందస్తు ప్రదర్శన, 31న రాత్రి ప్రదర్శన ఉంటాయి. వాయించేవి అవే పాటలు, దరఖాస్తు చేసేటప్పుడు వాటినీ గుర్తుపెట్టుకోండి. 1870లో తెరిచిన ఆ హాలునే చూడాలనుకుంటే మామూలు కచేరీకి వెనక వైపు నిలబడే టికెట్ చాలు. అక్కడ ముందు నిలబడ్డవాళ్లకే కనిపిస్తుంది, మిగతావాళ్లకు వినిపిస్తుంది.

డబ్బు పెట్టకుండా ఏం వినొచ్చు?

చాలా. ఆదివారం ఉదయం 11కి అగస్టీనర్ చర్చిలో పూర్తి ఆర్కెస్ట్రా, గాయక బృందంతో ఆరాధన జరుగుతుంది. హైడన్, మోట్సార్ట్, షూబర్ట్ రాసిన మాస్‌లు, అంటే ఆరాధన సంగీతం, పాడతారు. అది కచేరీ కాదు, ప్రార్థన. మధ్యలో లేచి వెళ్లకుండా, చప్పట్లు కొట్టకుండా కూర్చుంటే అన్యమతస్థులకూ అభ్యంతరం ఉండదు. హోఫ్‌బుర్గ్ చాపెల్‌లో సెప్టెంబరు మధ్య నుంచి జూన్ దాకా ఆదివారాలు ఉదయం 9:15కి వియన్నా బాలుర బృందం పాడుతుంది. సీట్లకు డబ్బు, నిలబడడానికి ఉచితం. పిల్లలు పైన గ్యాలరీలో ఉంటారు కాబట్టి కంటికి ఆనరు. ఫొటోల కోసం వెళ్లేవాళ్లు నిరాశపడేది అందుకే.

మేలో, జూన్లో, సెప్టెంబరులో ఒపేరా భవనం బయట పెద్ద తెర మీద లోపలి ప్రదర్శనను ప్రత్యక్షంగా చూపిస్తారు. షోన్‌బ్రున్ రాజభవనం తోటలో వియన్నా ఫిల్హార్మోనిక్ ఏడాదికొకసారి, ఎక్కువగా జూన్లో, ఉచిత కచేరీ ఇస్తుంది. సాయంత్రానికే జనం నిండిపోతారు, వానొస్తే గొడుగులు పనికిరావు, రెయిన్‌కోటు కావాలి.

అందరూ మరిచిపోయేది సంగీత విశ్వవిద్యాలయం. విద్యార్థుల కచేరీలు ఏడాది పొడవునా సాయంత్రాలు జరుగుతాయి, చాలావాటికి ప్రవేశం ఉచితం. నాలుగేళ్ల తర్వాత ఇదే వేళ్లను వినడానికి టికెట్ కొనాల్సి రావచ్చు.

జులై, ఆగస్టుల్లో ఏమీ లేదేం?

శ్టాట్స్‌ఓపర్ కాలం సెప్టెంబరు 1 నుంచి జూన్ 30 దాకా. తర్వాత సెలవు. వేసవిలో అమ్మానాన్నలను రప్పించుకుని ఒపేరా చూపిద్దామనుకునేవాళ్లు దీన్ని గమనించాలి, మే లేదా జూన్‌కు రప్పించండి. వేసవి సాయంత్రాల్లో రాట్‌హౌస్ (నగర పాలక భవనం) ముందు మైదానంలో ఉచితంగా సంగీత చిత్రాలు వేస్తారు, 1991 నుంచి నడుస్తోంది. నృత్యం ఇష్టమున్నవాళ్లకు ఇంపుల్స్‌టాన్స్ ఉత్సవం జులై, ఆగస్టుల్లోనే. ప్రదర్శనలతోపాటు ఏమీ రానివాళ్లకు కూడా శిక్షణ తరగతులుంటాయి. అంతకుముందు, ఎక్కువగా జూన్లో, డానుబ్ నది ద్వీపం మీద డొనావ్‌ఇన్సెల్‌ఫెస్ట్ అనే సంగీతోత్సవం. అది ఉచితం, జనసముద్రం, పసిపిల్లలతో వెళ్లే చోటు కాదు.

మ్యూజియంలకు వార్షిక టికెట్ లాభమా?

ఏడాదికి మూడుసార్లు వెళ్తే లాభమే. అసలు లాభం డబ్బులో కన్నా అలవాటులో ఉంది. ఒక్క టికెట్‌తో కున్స్ట్‌హిస్టొరిషెస్ అనే కళా మ్యూజియం మొత్తం చూడాలని బయల్దేరినవాళ్లకు రెండో గంటలోనే కళ్లు మొద్దుబారతాయి. వార్షిక టికెట్ ఉంటే గురువారం ఆఫీసు తర్వాత వెళ్లి, ఆ రోజు రాత్రి 9 దాకా తెరిచి ఉంటుంది, చిత్రకారుడు బ్రూగెల్ గదిలో అరగంట కూర్చుని రావచ్చు. బేబెల్ గోపురం, మంచులో వేటగాళ్లు, రైతుల పెళ్లి అన్నీ ఆ ఒక్క గదిలోనే. రైతుల పెళ్లి చిత్రంలో వడ్డించేవాళ్ల తొందర చూస్తే మన ఊరి పంక్తి భోజనాలే.

19 ఏళ్ల లోపు పిల్లలకు 2010 నుంచి ప్రభుత్వ మ్యూజియంలన్నీ ఉచితం. వీన్ మ్యూజియంలో శాశ్వత ప్రదర్శన పెద్దలకూ ఉచితమే, ఊరి చరిత్ర తెలుసుకోవడానికి మొదట వెళ్లాల్సింది అక్కడికే. సెలవు రోజులు గుర్తుంచుకోండి: ప్రకృతి శాస్త్ర మ్యూజియం మంగళవారం మూసేస్తారు, ఎదురుగా ఉన్న కళా మ్యూజియం సంవత్సరంలో ఎక్కువ భాగం సోమవారం. అక్టోబరు మొదటి శనివారం రాత్రి ఒకే టికెట్‌తో అన్ని మ్యూజియంలూ తిరిగే లాంగె నాహ్ట్ ఉంటుంది. ఆ రాత్రి పెద్ద మ్యూజియంల ముందు క్యూలో నిలబడడం దండగ. మామూలుగా వెళ్లని చిన్నవాటికి వెళ్లండి.

మనకు ప్రత్యేకంగా చూడదగ్గవి రెండున్నాయి. అనువర్తిత కళల మ్యూజియం మాక్‌లో అక్బరు కాలపు హంజానామా అనే కథల గ్రంథం చిత్రాలు 60 ఉన్నాయి. 1873 వియన్నా ప్రపంచ ప్రదర్శన సమయంలో ఇక్కడికి చేరినవి. గుడ్డ మీద వేసిన పెద్ద చిత్రాలు, వెలుతురు పడకూడదు కాబట్టి ఎప్పుడూ ప్రదర్శనలో ఉండవు, ముందే అడిగి వెళ్లాలి. రెండోది షోన్‌బ్రున్‌లోని మిలియన్ల గది. మొఘల్ సూక్ష్మచిత్రాలను కత్తిరించి, అతికించి గోడ చెక్కల్లో బిగించారు. చూస్తే ముచ్చట, ఒక చిత్రంలోంచి ఇంకో చిత్రంలోకి కత్తెర వెళ్లిందని తెలిస్తే గుండె కలుక్కుమంటుంది.

కాఫీహౌస్‌లో ఎంతసేపు కూర్చోవచ్చు?

ఒక కాఫీతో సాయంత్రం దాకా. అదే ఇక్కడి పద్ధతి. కాఫీహౌస్ సంస్కృతిని 2011లో ఆస్ట్రియా తన సంప్రదాయ వారసత్వాల జాబితాలో చేర్చింది కూడా. బిల్లు అడిగేదాకా తేరు. కాఫీ లోహపు పళ్లెంలో, పక్కన మంచినీళ్ల గ్లాసుతో వస్తుంది. చెక్క పట్టీకి బిగించిన వార్తాపత్రికలు ఎవరైనా తీసుకుని చదువుకోవచ్చు.

"ఒక కాఫీ" అని అడిగితే వెయిటర్ "ఏది?" అన్నట్టు చూస్తాడు. మెలాంజ్ అంటే పాలనురగ ఉన్న మెత్తటి కాఫీ. క్లైనర్ బ్రౌనర్ అంటే చిన్న కప్పు ఘాటు కాఫీ, పాలు విడిగా. గ్రోసర్ బ్రౌనర్ దానికి రెట్టింపు. ఐన్‌ష్పెనర్ గాజు గ్లాసులో, మీద మీగడ కుప్పతో. ఫిల్టర్ కాఫీ మనుషులు మెలాంజ్‌తో తృప్తిపడరు. గ్రోసర్ బ్రౌనర్ తీసుకుని వేడిపాలు విడిగా అడిగితే కాస్త దగ్గరకు వస్తుంది. చక్కెర మాత్రం మీరే కలుపుకోవాలి.

టిప్పు 5 నుంచి 10 శాతం. బల్ల మీద చిల్లర వదిలి రారు, డబ్బిచ్చేటప్పుడే మొత్తం ఎంతో చెబుతారు. బిల్లు 8.60 అయితే 10 యూరోల నోటు ఇచ్చి "9.20" అనాలి. నోటిచ్చి "థాంక్యూ" అంటే మిగతాది ఉంచుకోమన్నట్టే, చిల్లర రాలేదని తర్వాత అనుకుని లాభం లేదు. జేబులో నగదు ఉండాలి.

పేరు మోసిన కాఫీహౌస్‌ల ముందు క్యూ కనిపిస్తే వెనక్కి తిరగండి. అక్కడ కూర్చున్నవాళ్లలో ఊరివాళ్లు తక్కువ. మీ వీధి చివర ఉన్నదానికే వారానికోసారి వెళ్తే రెండో నెలకు వెయిటర్‌కు మీ కాఫీ గుర్తుంటుంది.

శాకాహారులం, గొడ్డుమాంసం తిననివాళ్లం. దేన్ని అనుమానించాలి?

సూపులను. కూరగాయల సూపులా కనిపించినా అడుగున గొడ్డుమాంసం ఉడికించిన రసం ఉంటుంది. ఫ్రిటాటెన్‌జుప్పెలో తేలేవి దోసె ముక్కల్లా కనిపిస్తాయి, రసం మాత్రం గొడ్డుదే. బంగాళదుంప సలాడ్ కూడా చాలాచోట్ల ఆ రసంతోనే కలుపుతారు. అందరూ ఇక్కడే దెబ్బతింటారు. లేబర్‌కేజ్ పేరులో కేజ్, అంటే చీజ్, ఉన్నా అది పంది, గొడ్డు మాంసాల ముద్ద. క్నోడెల్ ఉండల్లో పంది కొవ్వు ముక్కలుండొచ్చు. "మాంసం లేదు" అంటే కొందరు సన్నటి ష్పెక్ (కొవ్వున్న పందిమాంసం) ముక్కలను లెక్కలోకి తీసుకోరు, "మాంసం, రసం, ష్పెక్ ఏవీ వద్దు" అని మూడూ చెప్పండి.

వీనర్ ష్నిట్సెల్ అని మాత్రమే రాస్తే అది దూడమాంసం. ష్వైన్ అంటే పంది, హూన్ అంటే కోడి, పూటె అంటే టర్కీ. టాఫెల్‌ష్పిట్స్, గూలాష్ రెండూ గొడ్డుమాంసమే. నిశ్చింతగా తినగలిగేవి: ఆపిల్ ష్ట్రూడెల్, గుడ్డు తినేవాళ్లకు కైజర్‌ష్మారన్, పర్వతప్రాంతపు కేజ్‌ష్పెట్స్‌లె. హాయ్‌రిగర్ అనే ద్రాక్షతోటల పూటకూళ్లల్లో లిప్టావర్ అనే కారపు చీజ్ ముద్ద, రొట్టె దొరుకుతాయి. అక్కడ తిండి కౌంటర్ దగ్గర మీరే తెచ్చుకోవాలి, తాగేవి మాత్రం బల్ల దగ్గరకు తెస్తారు. గుమ్మానికి పైన్ కొమ్మ వేలాడితేనే తెరిచినట్టు.

బాల్‌కు పట్టుచీర కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు, ఆడవాళ్లకున్న నియమం నేలదాకా ఉండే దుస్తులు. చీర ఆ పరీక్ష సులభంగా నెగ్గుతుంది. నాట్యం చేయాలంటే మాత్రం కొంచెం ముందుచూపు కావాలి. శరీరానికి అతుక్కునే సన్న లోపావడా వేస్తే వాల్ట్స్ అనే జంట నాట్యంలో అడుగు పడదు, ఘేరు ఉన్నది వేయండి. అంచు బూట్లు వేసుకున్నాక నేలకు ఒక అంగుళం పైన ఉండాలి. వాల్ట్స్‌లో మగవాడి కుడిచెయ్యి సరిగ్గా ఆడమనిషి ఎడమ భుజం వెనక, అంటే పైట మీదే పడుతుంది. పైటను మడతపెట్టి పిన్నులు లోపలివైపుకు గుచ్చండి, కొస మోకాలు దాటకుండా చూసుకోండి. పట్టీల చెప్పులు కుచ్చిళ్లకు తగులుకుంటాయి.

మగవాళ్లకు చాలాచోట్ల టక్సీడో లేదా ముదురు సూటు. ఒపేరా బాల్‌కు మాత్రం తోకకోటే, అద్దెకు దొరుకుతుంది. బంద్‌గలా వేసుకోవాలంటే జాతీయ దుస్తులు ఒప్పుకుంటారేమో నిర్వాహకులను ముందే అడగండి. వేటగాళ్ల బాల్‌కు ఆల్ప్స్ సంప్రదాయ దుస్తులు తప్పనిసరి.

జనవరి, ఫిబ్రవరిల్లో వందల బాల్‌లు జరుగుతాయి. మొదటిసారి విశ్వవిద్యాలయాలవి మేలు, చవక, కుర్రకారు, తప్పడుగు వేసినా ఎవరూ పట్టించుకోరు. ప్రవేశ టికెట్‌లో కుర్చీ ఉండదన్నది గుర్తుంచుకోండి. బల్ల దగ్గర చోటు విడిగా కొనాలి, లేదంటే రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 4 దాకా నిలువుకాళ్లే. లోపల నీళ్లసీసా కూడా ఖరీదే. డాన్స్ స్కూళ్లలో రెండుమూడు గంటల వాల్ట్స్ తరగతులుంటాయి, జనవరిలో నిండిపోతాయి కాబట్టి నవంబరులోనే చేరండి. అర్ధరాత్రి క్వాడ్రిల్ నాట్యానికి మాత్రం ఏ శిక్షణా వద్దు. మైకులో అడుగులు చెబుతుంటారు, వేగం పెరిగేకొద్దీ అందరూ గుద్దుకుంటారు, అందరూ నవ్వుతారు.

జర్మన్ ఎంత రావాలి?

సంగీతానికి అక్కర్లేదు, నాటకానికి బాగా రావాలి. సినిమాకు టికెట్ కొనేటప్పుడు అక్షరాలు చూడండి: ఓఎఫ్ అంటే అసలు భాష, ఓఎంయూ అంటే జర్మన్ సబ్‌టైటిళ్లతో అసలు భాష. ఏమీ రాయకపోతే డబ్బింగే.

మీరు, నువ్వుల తేడా మనకు కొత్త కాదు. జీ అంటే మీరు, డూ అంటే నువ్వు. పెద్దవాళ్లు "డూ అందాం" అనేదాకా జీతోనే ఉండండి. చదువు బిరుదులు పేరు ముందు పెడతారు, ఫ్రావ్ డాక్టర్, హెర్ మాగిస్టర్ అని. మన "డాక్టరుగారూ", "మాస్టారూ" అలవాటు ఇక్కడ చక్కగా ఇమిడిపోతుంది. కార్యక్రమాల జాబితాలో జనవరిని యెన్నర్ అని రాస్తారు, కంగారుపడకండి.

మన పండగల సంగతి?

దీపావళికి కాకరపువ్వొత్తులు, చిన్న మతాబుల్లాంటి ఎఫ్1 తరగతి సరుకు 12 ఏళ్లు దాటినవాళ్లు కాల్చవచ్చు. చిచ్చుబుడ్లు, తారాజువ్వల్లాంటి ఎఫ్2 తరగతి ఊళ్లో ఏడాది పొడవునా నిషేధం. డిసెంబరు 31న అందరూ కాల్చడం చూసి చట్టం ఒప్పుకుంటుందనుకోవద్దు. జరిమానా 3,600 యూరోల దాకా ఉంటుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం పాటించాలి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, పండగ సరుకు శనివారం సాయంత్రం 6 లోపు తెచ్చుకోండి. మరిచిపోతే పెద్ద రైల్వే స్టేషన్లలోని సూపర్‌మార్కెట్లే దిక్కు.

ఇండియా నుంచి తెచ్చుకునేవాటిలో నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు పనికిరావు, పాల, మాంస పదార్థాలను విమానాశ్రయంలో తీసేసుకుంటారు. తాజా కరివేపాకు, మామిడాకులు, తమలపాకులు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా రానివ్వరు. కొబ్బరికాయ, అరటిపళ్లకు ఆ పత్రం అక్కర్లేదు. కాబట్టి పూజకు కొబ్బరికాయ సమస్య కాదు, దాన్ని అపార్ట్‌మెంట్ టైల్స్ మీద కొట్టడమే సమస్య.